దిగినవాళ్లెందరు, ఎక్కినవాళ్లెందరు

జూన్ పంతొమ్మిది, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పదిహేను నిమిషాలకు మొదలైంది. ఇది జ్ఞాపకం మీద ఆధారపడి రాయడం లేదు. గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో "దయ్యాల సీరియల్, ఒకటో కథ, అన్న వచ్చాడు" అని నా చేతిరాత ఉంది. ఆగస్టు ఐదో తేదీ గడిలో "అన్న పోయాడు" అని ఉంది. రెండింటికీ మధ్య నలభై ఏడు రోజులు.

అన్న నాకు తోడబుట్టినవాడు కాదు. గోదావరిఖనిలో మా వెనక వీధి మనిషి. నన్ను "చెల్లె" అనేవాడు, అందుకని నేను "అన్నా" అనేదాన్ని. కొడుకూ కోడలూ ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారు కనుక పేరు రాయను. గనిలో లాంపు రూం పని చేసి, పదిహేడేళ్ల కింద రిటైరయ్యాడు. భార్య పోయాక ఇంట్లో టీవీ చూడటం మానేశాడు. చూడాలనిపిస్తే మా ఇంటికి వచ్చేవాడు. వస్తే మూడుంబావుకే. అంతకు రెండు నిమిషాలు ముందు వస్తే గేటు బయట నిలబడేవాడు.

లాంపు రూం అంటే ఏమిటో చెప్పాలి. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే లాంపు ఒకటి ఇస్తారు. దానికొక నంబరు. షిఫ్టు అయ్యాక అదే మనిషి వచ్చి అదే లాంపు కిటికీలోంచి తిరిగి ఇవ్వాలి. లోపల గోడకు నంబర్ల వారీగా కొక్కేలుంటాయి. కొక్కేనికి లాంపు ఉంటే మనిషి పైకి వచ్చినట్టు. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు, వెతకాలి. అన్న ఎక్కువగా రెండో షిఫ్టులో ఉండేవాడు. మొదటి షిఫ్టువాళ్లు మూడింటికి పైకి వచ్చి ఇచ్చే లాంపులు తీసుకునేది ఆయనే.

నా భర్త లాంపు కూడా ఆయనే తీసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ల కిందటి మాట. ఆ రోజు లాంపు కొక్కేనికి చేరింది. మనిషి ఇంటికి రాలేదు. మర్నాడు పొద్దున గనిలో బండ కింద దొరికాడు. విచారణ కాగితంలో "లాంపు అప్పగించిన తరువాత అనుమతి లేకుండా తిరిగి లోపలికి వెళ్లినందున" అని రాశారు. తప్పు పోయినవాడిదే అయింది. ఎందుకు తిరిగి వెళ్లావయ్యా అని ఆ కాగితం చూసినప్పుడల్లా అడిగేదాన్ని. లోపల సీసా దాచుకున్నాడని కొందరన్నారు. అంగన్‌వాడీలో ఇరవై తొమ్మిదేళ్లు పిల్లల బరువులు గ్రాములతో సహా రాసిన నాకు ఈ ఒక్క లెక్క తేలలేదు. కోపంతో ఆయన ఫొటో గోడకు పెట్టలేదు. ట్రంకుపెట్టెలో బట్టల అడుగున పెట్టాను.

అన్న దగ్గర ఆ మాట ఎప్పుడైనా ఎత్తితే, "మనుషుల మనసు ఎవలికెరుక చెల్లె," అనేవాడు. అని, లేచి వెళ్లిపోయేవాడు.

ఇక సీరియల్ సంగతి. జ్యోతినగర్‌లో ఉండే నా మనవరాలు వచ్చి మా టీవీకి ఇంటర్నెట్టు కలిపింది. ఏదో కొత్తది పెడతానని కూర్చుంది. అప్పుడే అన్న గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మమ్మా, ఇవి ఎనిమిది కథలు, ఎనిమిది మంది డైరెక్టర్లు. వారానికొక్కటి వస్తది. ఒక్కొక్కలు ఒక్కొక్క తీరుగ భయపెడ్తరు," అని అది చెబుతోంది.

"ఎనిమిది మందెందుకే? మంచిగ భయపెట్టెటోడు ఒక్కడు దొరకలేదా?" అన్నాడు అన్న.

"తాతా, నువ్వు జడుసుకుంటవ్. ఇంటికి పో."

"బాయి పని చేసినోన్ని బిడ్డా. నన్ను జడిపిచ్చెటోడు ఆ డబ్బల ఉన్నడేమో సూద్దాం, పెట్టు."

మా దగ్గర గనిని బాయి అంటారు. మనవరాలు పెట్టింది. ఐదుగురు స్నేహితులు కొండ మీద మూతబడ్డ లాడ్జిలోకి వెళ్తారు. వాళ్లు తలుపు తోయగానే అన్న చొక్కా జేబులోంచి చింతగింజలు తీసి, మా ముందున్న స్టూలు మీద ఐదు పెట్టాడు.

"ఇవేంది తాతా, అష్టాచెమ్మా ఆడుతవా?"

"లోపటికి ఎంతమంది పోయిన్రు? ఐదుగురు. గింజలెన్ని? ఐదు. గంతే."

కథ నడుస్తున్నంతసేపూ ఆయన దయ్యాన్ని చూడలేదు, తలుపును చూశాడు. ఒకడు బయటికి పరుగెత్తుకొస్తే ఒక గింజ జేబులో వేసుకున్నాడు. ఒకడు లోపల చచ్చిపోయాడు. ఆ గింజ కూడా తీసెయ్యమని మనవరాలు అంది.

"ఎట్ల తీస్త? సచ్చినోడు గూడ లెక్కే. పీనుగు బయటికి రావాలె."

చివరికి ముగ్గురు బయటపడ్డారు. ఇద్దరు లోపలే ఉండగా పేర్లు పడ్డాయి. అన్న స్టూలు మీద మిగిలిన రెండు గింజల్నీ చాలాసేపు చూశాడు. "ఇద్దర్ని లోపట్నే ఇడిచిపెట్టి పేర్లేసుకున్నడు చూడు. ఈనకు లాంపు రూంల నౌకరి ఇయ్యొద్దు," అన్నాడు. మనవరాలు పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ తరవాత ప్రతి గురువారం ఇద్దరమే చూశాం. గింజలు మొత్తం ఇరవై. వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి లెక్కపెట్టుకునేవాడు. రెండో కథ ఒక పాత బడిలో జరిగింది. డైరెక్టరు ఆడమనిషి. చచ్చిన ముగ్గురినీ తెల్లారాక మంచాల మీద బయటికి మోయించింది. "ఈ తల్లికి లెక్క తెలుసు," అని మెచ్చుకున్నాడు. మూడో కథలో మనుషులు తక్కువ, వాన ఎక్కువ. నిద్రపోయాడు. నాలుగో కథలో ఊరు ఊరంతా మాయమైపోతుంటే ఇరవై గింజలూ చాలక మా ఇంట్లోంచి పెసలు అడిగాడు. "దయ్యాలు పట్టేది మనుషుల్ని కాదు అన్నా, నా పెసల డబ్బాను పట్టినయ్," అంటే మూతి ముడుచుకున్నాడు.

చూసేటప్పుడు నాలుగు గంటల ప్రాంతంలో, భూమిని పైనుంచి పేల్చి తవ్వే ఓపెన్‌కాస్టు గని సైరన్ మోగేది. అప్పుడు బొమ్మ ఆపమనేవాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చునేవాడు. పేలుడుకు కిటికీ ఊచలు, గూట్లో గ్లాసులు గలగలమనేవి. దుమ్ము వచ్చి గడప మీద కూర్చునేది. అదంతా అయ్యాక, "ఇప్పుడు పెట్టు. దయ్యం టైం దయ్యానికియ్యాలె, బ్లాస్టింగ్ టైం బ్లాస్టింగుకియ్యాలె," అనేవాడు. నా భర్త పోయిన గని ఆ ఓపెన్‌కాస్టులో కలిసిపోయి చాలా ఏళ్లయింది.

ఆయనకు ఇంకొక పట్టుదల ఉండేది. ఒకరికి ఇవ్వాల్సిన వస్తువు ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. పెరట్లో కాసిన బీరకాయలు నాకని తెస్తాడు, ఇంట్లో మనవరాలు ఒక్కతే ఉంటుంది. "ఇటియ్యి తాతా, అమ్మమ్మకిస్త," అంటే, "మీ అమ్మమ్మకే ఇస్త," అని సంచీ తీసుకుని వెనక్కి పోతాడు. సాయంత్రం మళ్లీ వస్తాడు. ఒకసారి నా పింఛను కాగితమేదో పోస్టుమన్ పొరపాటున వాళ్లింట్లో ఇచ్చిపోతే, నేను మంచిర్యాలలో ఉన్న నాలుగు రోజులూ దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడట. గడపలో వేయలేదు, పక్కింట్లో ఇవ్వలేదు. నేను బస్సు దిగేసరికి స్టాండులో నిలబడి ఉన్నాడు. "చేతికి చెయ్యి. మధ్యల ఎవడొద్దు," అన్నాడు. చాదస్తమనుకున్నాను.

రాఖీ పున్నం నాడు మాత్రం కనిపించేవాడు కాదు. చెల్లె అని పిలుస్తావు, చెయ్యి ఇవ్వవేమని ఒక ఏడాది నిలదీశాను. రామగిరిలో పని ఉందన్నాడు. ఏటా ఆ ఒక్కరోజే రామగిరిలో పని పడేది.

ఐదో కథ గురించి చెప్పడానికేమీ లేదు. ఆరో కథ జూలై ఇరవై నాలుగున వచ్చింది.

నలుగురు పిల్లలు ఊరవతల పాత దిగుడుబావిలోకి దిగుతారు. అన్న నాలుగు గింజలు పెట్టాడు. లోపల చీకటి, నీళ్ల చప్పుడు, ఒక పిల్ల కేక. తరవాత ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తారు. ఒకటి, రెండు, మూడు, కొంచెం ఆలస్యంగా నాలుగు. అన్న నాలుగు గింజలూ జేబులో వేసుకుని వెనక్కి వాలాడు. ఇంట్లో తల్లి కూడా పిల్లల తలలు లెక్కపెట్టి తలుపు గడియ వేస్తుంది. అన్నం దగ్గర నాలుగో పిల్ల ముద్ద కలుపుతుంది గానీ నోట్లో పెట్టుకోదు. తల్లి చూడదు. చివరి దృశ్యంలో మళ్లీ బావి. అడుగున, మోకాలి లోతు నీళ్లలో, అసలు పిల్ల నిలబడి పైకి చూస్తూ ఉంటుంది. పేర్లు పడ్డాయి.

అన్న జేబులో చెయ్యి పెట్టాడు. ఒక్క గింజ తీసి స్టూలు మీద తిరిగి పెట్టాడు.

"చెల్లె, టీవీ బంద్ చెయ్."

చేశాను.

"ఆ తల్లి లెక్కవెట్టింది. నాలుగొచ్చినయ్. తలుపేసుకున్నది."

"సీరియల్ అన్నా అది. చాయ్ తాగు."

"నాకు గూడ ఆనాడు లెక్క సరిపోయింది చెల్లె." గింజ వంకే చూస్తున్నాడు. "బావ లాంపు బావ ఇయ్యలే."

చేతిలో గ్లాసు ఉంది. కింద పెట్టాను. "మరెవలిచ్చిన్రు?"

"ఆయనతోని పని చేసే జోడీగాడు. రెండు లాంపులు ఒక్క చేతిల పట్టుకొచ్చిండు. అప్పుడందరు గట్లనే ఇచ్చెటోళ్లు. కిటికీ కాడ లైను పెద్దగుంటది, బస్సు పోతది. ఒక్కడు నలుగురివి తెచ్చిచ్చేది. నేను తీసుకునేది. బావ లాంపు లోపట్నే ఆరిపోయిందట. జోడీగాని వెలుతురుల నడిచొచ్చిన్రు. బాయి లోపట్నే కరెంటు బుగ్గలు వెలిగే కాడికి వచ్చినంక, నా లాంపు గూడ నువ్వే ఇయ్యి, నేను మొఖం కడుక్కొని వస్త అన్నడట. గంతే. ఆయన తిరిగి లోపటికి పోలేదు చెల్లె. అసలు బయటికే రాలే."

"లాంపు నంబరెంత?"

"రెండు నూర్ల పద్నాలుగు."

"టైమెంత?"

"మూడుంబావు."

విచారణ కాగితంలో ఉన్నవీ అవే. ఆయన ఏదీ మరిచిపోలేదు. అప్పుడు నేను అసలు ప్రశ్న అడిగాను. ఆ రోజు సాయంత్రం ఏడింటికి, తొమ్మిదేళ్ల నా బిడ్డను చేత్తో పట్టుకుని నేను లాంపు రూం కిటికీ దగ్గరికి వెళ్లాను. మా ఆయన ఇంకా రాలేదన్నా అన్నాను. కిటికీలోంచి ఈయనే గోడ వైపు వేలు చూపించి, "లాంపు వచ్చింది చెల్లె. మనిషి పైకి వచ్చినట్టే. ఇంటికి పో," అన్నాడు. నేను ఇంటికి పోయాను.

"ఏడింటికి నేనొచ్చి అడిగినప్పుడు, రెండు లాంపులు ఒక్క చేతిలకెళ్లి తీసుకున్న సంగతి నీకు యాదికున్నదా?"

లేదని చెప్పి తప్పించుకోవచ్చు. ముప్పై నాలుగేళ్ల తరవాత ఎవరు కాదనగలరు?

"ఉన్నది," అన్నాడు.

"ఉండి?"

"చెప్తే నౌకరి పోతది. జోడీగానిది గూడ పోతది. బావ బయట ఎక్కడనో ఉన్నడు, కల్లు కాడ ఉన్నడు, వస్తడు అని నాకు నేనే చెప్పుకున్న. పిల్లలు చిన్నోళ్లు చెల్లె." గింజను స్టూలు మీద ఒక పక్కకు జరిపాడు. "జోడీగాడు సచ్చిపోయిండు. ఇంక చెప్పెటోన్ని నేనొక్కన్నే ఉన్న. కాగితం రాసిస్త. ఇద్దరం కంపెనీ ఆఫీసుకు పోదాం. బావ తప్పు లేదని రికార్డు దిద్దిపిద్దాం."

అప్పుడే సైరన్ మోగింది. ఆయన అలవాటుగా రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పేలుడు అయ్యేదాకా ఇద్దరం కదలలేదు. గ్లాసులు గలగలమని ఆగిపోయాయి.

"బయటికి నడువు," అన్నాను.

వెళ్లాడు. గింజ తీసుకోవడం మరిచాడు. ఆ ఇరవై గింజల్లో ఒకటి వదిలి పోవడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం ట్రంకుపెట్టె తీసి, అప్పట్లో డాక్టరు ఇచ్చిన పోస్టుమార్టం కాగితం మళ్లీ చదివాను. ప్రాణం పోయింది తొమ్మిది దాటాక. అంటే నేను కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు ఇంకా రెండు గంటలు మిగిలి ఉన్నాయి. తొమ్మిదిలోంచి ఏడు తీసేస్తే ఎంతో చిన్నపిల్లలకు నేర్పినదాన్ని. ఆ లెక్క ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ వేయలేదు. మనిషి తన ఇష్టంతో లోపలికి పోయాడనుకున్నప్పుడు ఆ లెక్కతో పనేముంది?

ఫొటో బయటికి తీసి తుడిచాను. గోడకు మేకు లేదు. మంచం మీద పెట్టి కూర్చున్నాను. ముప్పై నాలుగేళ్లు ఏమి అడిగానో అదే నోటితో ఇప్పుడు ఏమనాలో తోచలేదు.

మర్నాడు మూడుంబావుకు తలుపు చప్పుడైంది. మూడుసార్లు కొట్టాడు. నేను తీయలేదు. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు కొట్టి, "చెల్లె, కాగితం రాసిన," అన్నాడు.

"తలుపు కింద నూకి పో," అన్నాను లోపలినుంచి.

"గట్ల ఇయ్య. నీ ముందట సంతకం పెట్టాలె, నీ చేతికియ్యాలె. మధ్యల తలుపు గూడ ఉండొద్దు."

"నీ మొఖం నాకు చూపియ్యకు."

"మంచిది. రేపొస్త."

రేపూ వచ్చాడు. గురువారం ఏడో కథ వచ్చే రోజు కూడా వచ్చాడు. టీవీ పెట్టలేదు. వీధిలో వాళ్లు చూస్తున్నారని నాకు సిగ్గుగా ఉండేది. పక్కింటామె, "ఏందక్కా, అన్నాచెల్లెండ్లు కొట్లాడుకున్నరా? పాపం ముసలాయన, ఎండల నిలవడ్డడు," అంది. మందులు తెచ్చిస్తానని తేలేదేమో, అప్పు అడిగాడేమో అని ఆమెకు తోచినట్టు ఆమె అనుకుంది. 

పదకొండో రోజు, ఆగస్టు నాలుగు, సోమవారం. ఆ రోజు నేను గడియ మీద చెయ్యి వేశాను. ఇది రాయకపోతే లెక్క తప్పుతుంది. తీసి కాగితం తీసుకుందాం, మాట్లాడకుండా తీసుకుందాం అనుకున్నాను. ఆయన గడప మీద కూర్చున్నట్టున్నాడు, ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపు అట్లాగే ఉన్నాం, అటు ఆయన, ఇటు నేను. సైరన్ మోగింది. పేలుడుకు గడియ నా చేతి కింద అదిరింది. "అయిపోయింది చెల్లె. పోతున్న," అన్నాడు. చెప్పుల చప్పుడు గేటు దాకా వినిపించింది. రేపు తీస్తాను అనుకున్నాను.

ఆగస్టు ఐదున మూడుంబావుకు ఎవరూ కొట్టలేదు. మూడున్నరకు నేనే తలుపు తీసి చూశాను. నాలుగుంబావుకు ఆయన కొడుకు వచ్చాడు. నాయిన మధ్యాహ్నం అన్నం తిని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెప్పులు వేసుకుని మంచం మీద కూర్చున్నాడట. మూడింటికి కోడలు చూస్తే గోడకు ఒరిగి ఉన్నాడట. పోయి చూసి వచ్చాను. చెప్పులు అప్పటికే ఎవరో తీసేశారు.

పదకొండు రోజుల కర్మ అయ్యాక కొడుకు మళ్లీ వచ్చాడు. "అత్తా, నాయిన జేబుల ఇవి ఉన్నయ్. కాగితం మీద నీ పేరుంటే తెచ్చిన."

నాలుగు మడతల కాగితం, పెన్ను, చింతగింజలు. కాగితంలో అన్నీ ఉన్నాయి. నంబరు, గంట, ఒక్క చేతిలో రెండు లాంపులు, ఏడింటికి నాతో అన్న మాట. కింద గీత గీసి "సంతకం" అని రాసి ఖాళీ వదిలాడు.

"చదివినవా?" అని అడిగాను.

"చదివిన."

"ఇది మీ నాయిన రాతనే అని ఆఫీసుల చెప్తవా?"

అతను నేల చూశాడు. "సంతకం లేదు గదత్తా. పోయినోన్ని ఇంక బజార్ల నిలవెట్టుడెందుకు?" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ మాటంటున్నప్పుడు కిటికీలో నలభై మూడేళ్ల వయసులో ఉన్న వాళ్ల నాయన లాగే ఉన్నాడు.

ఆగస్టు పద్దెనిమిది, సోమవారం, నేనొక్కదాన్నే ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి కాగితం రెండుసార్లు చదివాడు. "అమ్మా, రాసినాయన లేడు, సంతకం లేదు, సాక్షి లేడు. దీన్ని పట్టుకొని పాత రికార్డు ఎట్ల దిద్దుతం?" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. అన్న చేతికి చెయ్యి అన్నాడు, నేను చెయ్యి ఇవ్వలేదు.

గోడకు మేకు కొట్టించి ఫొటో పెట్టాను. జేబులోంచి వచ్చిన గింజలు లెక్కపెట్టాను. పంతొమ్మిది. ఇరవయ్యోది స్టూలు మీదే ఉంది. దాన్ని వాటిలో కలపలేదు.

పోయినవి ఇవి. నేను కిటికీ దగ్గరి నుంచి ఇంటికి పోయాక ఒక మనిషికి మిగిలి ఉన్న రెండు గంటలు. చేయని తప్పుకు అతని మీద కోపంగా ఉన్న ముప్పై నాలుగేళ్లు. తలుపు తీయని పదకొండు మధ్యాహ్నాలు. ఒక సంతకం. చూడని కథలు రెండు. అన్న ఒకడు.